ప్లాస్టిక్కుకీ రక్తానికీ మధ్య మొదటి క్షణం

(నెల్లూరులో డిగ్రీ విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థినులు, డయాలసిస్ టెక్నీషియన్లు, ఊరి పెద్దలు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను పరిచయం చేసిన మాస్టారు నాది ప్రకాశం జిల్లా అన్నారు. చిన్న సవరణ. మా ఊరు కందుకూరు పక్కన. 1970కి ముందు అది నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. మేం ఎక్కడికీ కదల్లేదు, జిల్లాలే మా మీదుగా అటూ ఇటూ తిరిగాయి. కాబట్టి రెండు జిల్లాలవాళ్ళూ నన్ను మావాడే అనుకోవచ్చు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్ళు ఎంతమంది? చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. హెర్నియాకి మెష్ వేయించుకున్నవాళ్ళు ఎత్తక్కర్లేదు, అది మీకూ మీ డాక్టరుకీ మధ్య సంగతి. (నవ్వులు) గుండెకి వాల్వు, కాలికి కృత్రిమ రక్తనాళం, డయాలసిస్, పోనీ సెలైన్ పెట్టినప్పుడు నరంలోకి ఎక్కించిన ప్లాస్టిక్ సూది గొట్టం... వీటిలో ఏదో ఒకటి తగలని కుటుంబం ఇక్కడ ఉంటుందనుకోను. మన ఒంట్లోకి ప్లాస్టిక్ వెళ్ళడం మామూలు విషయం అయిపోయింది. వెళ్ళిన తర్వాత అక్కడ ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్దామనే వచ్చాను.

కంటి లెన్స్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల కాక్‌పిట్ పైకప్పుని పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్‌తో చేసేవారు. తూటాలు తగిలి అది పగిలితే ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు, ఆ ముక్కలు కంట్లోనే ఉండిపోయినా పెద్దగా వాపు రాకపోవడం గమనించాడు. 1949 నవంబరులో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో అదే ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్‌ని ఒక రోగి కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్ళు ఆయన్ని తిట్టిపోశారు. చివరికి 2000లో సర్ బిరుదు ఇచ్చారు.

ఈ కథ విన్నవాళ్ళు ఏమంటారంటే, 'ఆ ప్లాస్టిక్ శరీరం జోలికి పోదు, శరీరం దాని జోలికి రాదు, అందుకే సరిపోయింది' అంటారు. నాకు పేచీ ఈ మాటతోనే. శరీరంలోకి వెళ్ళాక ఎవరి జోలికీ పోకుండా కూర్చునే ప్లాస్టిక్ అంటూ ఏదీ లేదు. అసలు మీ కణాలు ఆ ప్లాస్టిక్‌ని ముట్టుకోనే ముట్టుకోవు. అవి వచ్చేసరికే దాని మీద ప్రోటీన్ల పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. కణాలు తడిమి చూసేది ఆ పొరని. అది నచ్చితే సర్దుకుంటాయి, నచ్చకపోతే యుద్ధం మొదలు. రిడ్లీకి కలిసొచ్చింది ఏమిటంటే, కంటి ముందు గదిలో ఉండే నీటిలో ప్రోటీను చాలా తక్కువ. రక్తంలో ఉన్నదానిలో వందో వంతు కూడా ఉండదు. అదే పెర్‌స్పెక్స్ ముక్కని రక్తనాళంలో పెట్టి ఉంటే ఆయన చూసేది వేరే కథ.

ఇక ఆ పొర ఎలా పరుచుకుంటుందో చూద్దాం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు సరుకు ఇక్కడే ఉంది.

పాలిమర్ అంటే చిన్న ముక్కలు వరసగా అతికిన పొడవాటి గొలుసు. పాలిథీన్‌లో ఒకే ముక్క వేల సార్లు తిరిగి తిరిగి వస్తుంది. ప్రోటీను కూడా గొలుసే, కానీ అందులో ఇరవై రకాల ముక్కలు ఉంటాయి. కొన్నింటికి ప్లస్ ఛార్జి, కొన్నింటికి మైనస్, కొన్నింటికి నీళ్ళంటే ఇష్టం, కొన్నింటికి నూనె స్వభావం. రక్తంలాంటి నీటిలో ఉన్నప్పుడు ఆ గొలుసు మడతలు పడి, నూనె స్వభావం ఉన్న ముక్కల్ని వీలైనంత వరకు లోపలికి దాచుకుంటుంది. ఆ మడతే దాని ఆకారం, ఆ ఆకారమే దాని పని.

ఇప్పుడు పాలిప్రొపిలీన్, టెఫ్లాన్, సిలికోన్ లాంటిది ఒకటి రక్తంలోకి దిగింది. వీటికి నీళ్ళతో పడదు. నీళ్ళకీ వీటితో పడదు. ఆ ఉపరితలం పక్కన ఉన్న నీటి అణువులు స్వేచ్ఛగా తిరగలేక ఇరుకుగా సర్దుకోవాల్సి వస్తుంది. అటుగా వచ్చిన ప్రోటీను తన నూనె ముక్క ఒకదాన్ని ఆ ప్లాస్టిక్‌కి ఆనించిందనుకోండి, మధ్యలో ఇరుక్కున్న నీళ్ళు బయటపడతాయి. నీళ్ళకి అది లాభం. దాంతో ఇంకో ముక్క ఆనుతుంది, ఇంకొన్ని నీళ్ళు బయటపడతాయి. క్రమంగా ప్రోటీను తన మడత విప్పుకుని, లోపల దాచుకున్నదంతా ప్లాస్టిక్ మీద పరిచేస్తుంది. ఒక్కో పట్టు చూస్తే చాలా బలహీనం. కానీ ఒక ప్రోటీనుకి అలాంటివి వందలు ఉంటాయి. విడిపోవాలంటే అవన్నీ ఒకేసారి వదలాలి, అది జరిగే పని కాదు. అందుకే ఒకసారి విప్పుకుని పడుకున్న ప్రోటీనుని నీళ్ళతో ఎంత కడిగినా లేవదు.

ఇదంతా జరగడానికి పట్టే సమయం? మొదటి పొర సెకన్లలో పడిపోతుంది. పొర మందం కొన్ని నానోమీటర్లు. చదరపు సెంటీమీటరుకి మైక్రోగ్రాములో కొంత భాగం, అంతకన్నా ఉండదు. తూకానికి అందని ఆ పొర మీదే లక్షల రూపాయల పరికరం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

మళ్ళీ, ఆ పొరలో మొదట కూర్చున్నవాళ్ళే చివరిదాకా ఉంటారని లేదు. మన బస్టాండు సంగతి తెలిసిందే కదా. బస్సు ఆగీ ఆగకముందే కుర్రాళ్ళు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటారు. కాసేపటికి పెద్దమనిషి ఒకాయన మెల్లగా ఎక్కి, నిలబడి చూస్తాడు, కుర్రాడు లేస్తాడు. రక్తంలో అల్బుమిన్ ఆ కుర్రాడు. లీటరు ప్లాస్మాలో నలభై గ్రాముల దాకా ఉంటుంది, చిన్నది, చురుకైనది, ముందు అదే వచ్చి వాలుతుంది. ఫైబ్రినోజెన్ బరువులో దానికి అయిదు రెట్లు, లీటరుకి రెండు నుంచి నాలుగు గ్రాములే ఉంటుంది, ఆలస్యంగా వస్తుంది. కానీ దాని పట్టు గట్టిది. అల్బుమిన్‌ని లేపి తను కూర్చుంటుంది. దాన్ని కూడా లేపగల ప్రోటీన్లు ఇంకా వెనక వస్తుంటాయి. నీళ్ళంటే పడే గాజులాంటి ఉపరితలం మీద ఈ మార్పిడి బాగా జరుగుతుంది. నూనె స్వభావం ఉన్న ప్లాస్టిక్ మీద తక్కువ, ఎందుకంటే అక్కడ మొదట వచ్చినవాడు మడత విప్పుకుని పడుకునేశాడు.

దీన్ని వ్రోమన్ ప్రభావం అంటారు. లియో వ్రోమన్ డచ్ దేశస్థుడు. 1940లో నాజీలు తన దేశంలోకి రాగానే తప్పించుకున్నాడు, తర్వాత జపాన్ వాళ్ళకి చిక్కి యుద్ధఖైదీగా ఏళ్ళు గడిపాడు, ఆ తర్వాత అమెరికా చేరి రక్తం మీద పరిశోధన చేశాడు. ఇంకో విశేషం, ఆయన డచ్ భాషలో పేరున్న కవి. 2014లో 98 ఏళ్ళ వయసులో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. తిక్కన తిరిగిన ఊళ్ళో ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఫైబ్రినోజెన్ వచ్చి కూర్చుంటే ఏమవుతుంది? అది రక్తం గడ్డకట్టడానికి ముడిసరుకు. ద్రవంలో తిరుగుతున్నంత సేపు ప్లేట్‌లెట్లు, అంటే గాయం దగ్గర రక్తాన్ని ఆపే చిన్న కణాలు, దాన్ని పట్టించుకోవు. ప్లాస్టిక్ మీద పరుచుకుని ఆకారం మారగానే దాని లోపల దాగి ఉన్న కొన్ని భాగాలు బయటికి కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లకి అది గాయం తగిలిన చోటులా కనబడుతుంది. వచ్చి అతుక్కుంటాయి, గడ్డ మొదలవుతుంది. తెల్లకణాలు కూడా అలాగే మోసపోతాయి. 1993లో లిపింగ్ టాంగ్, జాన్ ఈటన్ అనే ఇద్దరు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. మన నీళ్ళ సీసాలు చేసే పాలియెస్టర్ బిళ్ళల్ని ఎలుకల ఒంట్లో పెట్టారు. మామూలు ఎలుకల్లో తెల్లకణాలు గుంపులుగా వచ్చి పడ్డాయి. రక్తంలో ఫైబ్రినోజెన్ లేకుండా చేసిన ఎలుకల్లో రాలేదు. మళ్ళీ ఫైబ్రినోజెన్ అందిస్తే వచ్చాయి. ప్లాస్టిక్ అదే, ఎలుక జాతి అదే. తేడా అంతా ఆ ఒక్క ప్రోటీనుది.

ఆ తెల్లకణాలు ప్లాస్టిక్‌ని తినలేవు. తినలేక అక్కడే కాపు కాస్తాయి, కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలుగా మారతాయి, చివరికి చుట్టూ నారతో గోడ కట్టేస్తాయి. హెర్నియా మెష్ విషయంలో సర్జన్‌కి కావల్సింది ఆ గోడే. పాలిప్రొపిలీన్ వల సందుల్లోంచి నార పెరిగి పొట్ట గోడ గట్టిపడాలి. అదే గోడ ఒంట్లో పెట్టిన షుగర్ సెన్సార్ చుట్టూ పెరిగితే సెన్సార్ పనికిరాకుండా పోతుంది. కాబట్టి 'ఇది మంచి ప్లాస్టిక్, అది చెడ్డ ప్లాస్టిక్' అనే లెక్క ఇక్కడ నడవదు. కంపెనీ బ్రోషర్ మీద 'బయోకంపాటిబుల్', అంటే ఒంటికి పడుతుంది, అని పెద్ద అక్షరాల్లో ఉంటే, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఏ ద్రవంలో అని అడగండి. జవాబు లేకపోతే ఆ మాటకి విలువ లేదు.

డయాలసిస్ దగ్గర కొంచెం ఆగుతాను. మన రెండు జిల్లాల్లోనూ ఎంతోమంది వారానికి రెండు మూడు సార్లు ఆ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటున్నారు. టెక్నీషియన్లు డయలైజర్‌ని, అంటే రక్తాన్ని వడకట్టే గొట్టాన్ని, రోజూ చేత్తో పట్టుకునేవాళ్ళే. ఆ గొట్టం లోపల పదివేల పైచిలుకు సన్నటి బోలు దారాలు ఉంటాయి. ఒక్కోదాని లోపలి వ్యాసం మిల్లీమీటరులో అయిదో వంతు. అన్నీ విప్పి పరిస్తే చదరపు మీటరున్నర అటూ ఇటూ వస్తుంది. అంత ప్లాస్టిక్ మీద మనిషి రక్తమంతా మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. ప్రోటీనుకీ పాలిమర్‌కీ ఇంత పెద్ద ఎత్తున పరిచయం ఇంకెక్కడా జరగదు.

మొదట్లో ఈ దారాల్ని కుప్రోఫేన్ అనే సెల్యులోజ్‌తో చేసేవారు. అంటే పత్తిలో ఉండేదే, శుద్ధి చేసి పొరగా మార్చింది. రక్తం తగలగానే మొదటి పావుగంటలో రోగి తెల్లకణాల లెక్క దబ్బున పడిపోయేది. తర్వాత మళ్ళీ పెరిగేది. ఎక్కడికి పోయాయవి? 1977లో అమెరికాలో క్రాడాక్ బృందం తేల్చింది, అవి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటున్నాయి. కారణం మళ్ళీ ప్రోటీనే. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే కాపలా వ్యవస్థ ఉంది. అందులో సీ3 అనే ప్రోటీనుకి ఒక చురుకైన బంధం ఉంటుంది, అది హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న జంటలు) కనిపిస్తే పట్టేసుకుంటుంది. సూక్ష్మజీవుల పైతొడుగు మీద అవి ఉంటాయి కాబట్టి ఆ ఏర్పాటు. సెల్యులోజ్ ఒళ్ళంతా హైడ్రాక్సిల్ గుంపులే. సీ3 దాన్ని శత్రువు అనుకుని గంట మోగించేస్తుంది.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఒకసారి వాడిన కుప్రోఫేన్ డయలైజర్‌ని కడిగి అదే రోగికి మళ్ళీ పెడితే ఈ గొడవ తగ్గేది. మొదటిసారి పరుచుకున్న ప్రోటీను పొర హైడ్రాక్సిల్ గుంపుల్ని కప్పేసింది కాబట్టి. బ్లీచ్‌తో కడిగితే ఆ పొర కూడా పోయి, కథ మళ్ళీ మొదటికొచ్చేది. రోగి సొంత ప్రోటీనే ఆ ప్లాస్టిక్‌ని రోగికి మచ్చిక చేసిందన్నమాట. (ఇది విని ఎవరూ డయలైజర్ తిరిగి వాడటం మంచిదని రాసుకోకండి. ఇన్ఫెక్షన్ లెక్కలు వేరే ఉన్నాయి.)

తర్వాత ఏఎన్69 అనే పొర వచ్చింది, పాలియాక్రిలోనైట్రైల్ జాతిది. కాంప్లిమెంట్ గొడవ తక్కువ. అందరూ సంతోషించారు. 1990 ప్రాంతంలో కొత్త తలనొప్పి మొదలైంది. కొందరికి మిషన్ పెట్టిన కొద్ది నిమిషాల్లోనే బీపీ పడిపోయి, ముఖం ఉబ్బి, ఊపిరి ఆడేది కాదు. అందరికీ కాదు, కొందరికే. ఆ కొందరిలో ఉమ్మడిగా కనిపించింది బీపీ మాత్ర, ఎనలాప్రిల్ లాంటివి, పేరు 'ప్రిల్' అని ముగిసేవి. జరిగింది ఇది: ఆ పొరకి మైనస్ ఛార్జి ఎక్కువ. రక్తంలోని ఫ్యాక్టర్ 12 అనే ప్రోటీను మైనస్ ఉపరితలం మీద వాలితే మేలుకుంటుంది. అది మరో ప్రోటీనుని లేపుతుంది, అది కినినోజెన్ అనే ఇంకో ప్రోటీనుని కోస్తుంది, బ్రాడీకినిన్ పుడుతుంది. రక్తనాళాల్ని వదులు చేసి బీపీ పడగొట్టేది అదే. మామూలుగా పుట్టిన బ్రాడీకినిన్‌ని ఒంట్లోని ఒక ఎంజైము వెంటనే తినేస్తుంది. 'ప్రిల్' మాత్రలు ఆపేది సరిగ్గా ఆ ఎంజైమునే. ప్లాస్టిక్ ఒక్కటే అయితే తట్టుకునేవాళ్ళు, మాత్ర ఒక్కటే అయితే మంచిదే, రెండూ కలిస్తే ప్రాణం మీదికి. తర్వాత ఆ పొర మీద ప్లస్ ఛార్జి ఉన్న పాలిమర్ పూసి మైనస్‌ని అణిచారు.

ఇప్పుడు మీరు ఎక్కువగా చూసేది పాలిసల్ఫోన్, అందులో పీవీపీ అనే నీళ్ళంటే ఇష్టమైన పాలిమర్ కలుపుతారు. ఒకటి బలానికి, ఒకటి ప్రోటీనుతో సర్దుబాటుకి. ఇంటికెళ్ళి ఎవరూ బీపీ మాత్రలు ఆపొద్దు. ఏదైనా ఉంటే డాక్టరుని అడగండి.

సరే, అసలు ప్రోటీను అతుక్కోకుండానే చేయలేమా? చాలావరకు చేయగలం. పాలిఇథిలీన్ గ్లైకాల్, పెగ్ అంటారు. కొలనోస్కోపీకి ముందు రోజు లీటర్ల కొద్దీ తాగిస్తారే, ఆ పొడిలో ఉండేది ఇదే. ఈ గొలుసు నీళ్ళని విపరీతంగా పట్టుకుంటుంది, పైగా నీళ్ళలో ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. ఉపరితలం మీద ఈ గొలుసుల్ని ఒత్తుగా నాటితే, ప్రోటీను దగ్గరికి రావాలంటే వాటిని అణగదొక్కాలి, నీళ్ళని పిండేయాలి. ఇందాక చెప్పిన లాభం ఇక్కడ నష్టంగా మారుతుంది. ప్రోటీను వెనక్కి పోతుంది. పల్చగా నాటితే మాత్రం సందుల్లోంచి దూరుతుంది.

పెగ్‌ని ఉపరితలానికి కాకుండా నేరుగా ప్రోటీనుకే తగిలించొచ్చు అన్న ఆలోచన అమెరికాలో రట్‌గర్స్ యూనివర్సిటీలో ఫ్రాంక్ డేవిస్ బృందానిది, 1977లో అచ్చయింది. 1990లో మొదటి మందు వచ్చింది, పుట్టుకతో ఒక ఎంజైము లేక రోగనిరోధక శక్తి ఉండని పసిపిల్లలకి. కీమో తీసుకున్నవాళ్ళకి తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజక్షన్ మామూలుదైతే రోజూ పొడవాలి, పెగ్ తగిలించిందైతే ఒక విడత కీమోకి ఒక్కటి చాలు. పెగ్ చేరి బరువు పెరిగింది కాబట్టి కిడ్నీ దాన్ని తొందరగా వడకట్టలేదు.

చాలా ఏళ్ళు పెగ్‌ని అందరూ ఆకాశానికెత్తారు, శరీరం దీన్ని గుర్తుపట్టదు అన్నారు. శరీరం గుర్తుపట్టింది. పెగ్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యే మనుషులు ఉన్నారని తేలింది. కొన్ని మందులు వాళ్ళలో తొందరగా పని మానేశాయి. అందుకే ఎవరైనా 'మా పూతకి ఏదీ అతుక్కోదు' అంటే, ఎన్ని గంటలు పరీక్షించారో చూస్తాను. జపాన్‌లో ఇషిహారా లాంటివాళ్ళు వేరే దారి పట్టారు. ఎర్రకణం పైతొడుగులో ఉండే ఫాస్ఫోరిల్‌కోలిన్ అనే గుంపునే పాలిమర్‌కి తగిలించారు. ఒకే చోట ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి, నీళ్ళని కదపకుండా పట్టుకుంటుంది. కాంటాక్ట్ లెన్సుల్లో వాడుతున్నారు.

కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే ఆడపిల్లలకి ఒక ముక్క. కన్నీళ్ళలో లైసోజైమ్ అనే ప్రోటీను ఉంటుంది, దానికి ప్లస్ ఛార్జి ఎక్కువ. మెత్తటి లెన్సుల్లో కొన్నింటికి మైనస్ ఛార్జి ఉన్న ముక్కలు కలుపుతారు, నీళ్ళు బాగా పీల్చుకోవడానికి. అలాంటి లెన్స్ లైసోజైమ్‌ని లోపలికంటా లాక్కుంటుంది. సిలికోన్ రకం లాక్కునేది ఎక్కువగా కొవ్వుల్ని. లెన్స్‌ని వేలితో రుద్ది కడగమని చెప్పేది ఇందుకే, ఊరికే ద్రవంలో నానబెడితే చాలదు.

అతుక్కోకుండా చూడటం ఒక పద్ధతి. మనకి కావల్సిన ప్రోటీనునే అతికించడం రెండోది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 1950ల్లో హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ అనే సర్జన్ బట్టల దుకాణంలో డేక్రాన్ గుడ్డ కొని, భార్య కుట్టు మిషన్ మీద రక్తనాళాలు కుట్టాడు. డేక్రాన్ అంటే పాలియెస్టరే. నేత గుడ్డ కదా, రక్తం కారిపోతుంది. దానికి సర్జన్లు చేసిన ఉపాయం, పెట్టేముందు రోగి రక్తంలోనే ఆ గొట్టాన్ని తడిపి, గడ్డకట్టనివ్వడం. సందులన్నీ ఫైబ్రిన్‌తో, అంటే ఫైబ్రినోజెన్ గడ్డకడితే వచ్చే నారతో, మూసుకుపోతాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలోనే కొల్లాజెన్, జెలటిన్ పూసి పంపుతున్నారు. పెద్ద నాళాలకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. ఆరు మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటే, ప్రవాహం తక్కువ కాబట్టి, ఆ ప్రోటీను పొర మీద గడ్డ పెరిగి మూసుకుపోతుంది. గుండెకి బైపాస్ చేసేటప్పుడు కాలి సిరని కోసి తీయడం ఇందుకే. ఇన్నేళ్ళయినా సన్నటి నాళానికి సరైన ప్లాస్టిక్ దొరకలేదు.

మళ్ళీ శుక్లం లెన్స్ దగ్గరికి. 'ఆపరేషన్ అయిన రెండేళ్ళకి మళ్ళీ పొర వచ్చింది, లేజర్ కొట్టారు' అని చెప్పేవాళ్ళు ఇక్కడ ఉండి ఉంటారు. కంట్లో లెన్స్‌ని కూర్చోబెట్టే సంచి ఒకటి ఉంటుంది, దాని వెనక గోడ మీదికి కణాలు పాకడం వల్ల వస్తుంది. నూనె స్వభావం ఉన్న కొన్ని మడత లెన్సుల మీద ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను బాగా అతుక్కుంటుంది, అది లెన్స్‌ని సంచికి అంటించేసి కణాలు దూరే సందు లేకుండా చేస్తుంది. లెన్స్ అంచుని పదునుగా చెక్కడం కూడా అంతే పెద్ద కారణం. ఫైబ్రోనెక్టిన్‌లో కణాలు పట్టుకునే చోటు ఎంతో తెలుసా? మూడే మూడు అమైనో ఆమ్లాలు: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. 1984లో పియర్ష్‌బాకర్, రుయోస్లాటి కనిపెట్టారు. అంత పెద్ద ప్రోటీను అక్కర్లేకుండా ఆ మూడు ముక్కల్ని పెగ్ కొసన కట్టి, ఏ కణమూ అతుక్కోని ఉపరితలం మీద మనకి కావల్సిన కణాల్ని అతికించవచ్చు.

మన దగ్గర పని జరగలేదనుకోకండి. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వంలో చేసిన గుండె వాల్వులో తెరుచుకుని మూసుకునే బిళ్ళ పాలిథీన్ జాతిదే, చాలా పొడవాటి గొలుసులున్నది. 1990 డిసెంబరులో మొదటి రోగికి పెట్టారు.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలు అడగండి.

(రొయ్యల రైతు ఒకరు) సార్, మా గుంటల్లో రొయ్యలు పట్టినాక తలకాయలు, పెంకులు కుప్పలు కుప్పలు పోతా ఉంటాయి. వాటితో రక్తం ఆపే కట్టు చేస్తారంట, నిజమేనా?

నిజమే అన్నా. పెంకులో కైటిన్ అనే పాలిమర్, దానితో పెనవేసుకుని ప్రోటీను, సున్నం ఉంటాయి. ఆమ్లంతో సున్నం, క్షారంతో ప్రోటీను తీసేస్తారు. మిగిలిన కైటిన్‌ని గాఢమైన క్షారంలో కాచితే కైటోసాన్ వస్తుంది. ఇది మనిషి చేసిన ప్లాస్టిక్ కాదు గానీ, సూత్రం ఇందాకటిదే. దానికి ప్లస్ ఛార్జి, ఎర్రకణాల పైతొడుగుకి మైనస్. గాయం మీద పెడితే కణాలు దానికి ముద్దలా అతుక్కుంటాయి, ఫైబ్రినోజెన్ కూడా వాలుతుంది. ఇందాక అన్నిచోట్లా శత్రువైన గడ్డ ఇక్కడ మనకి కావాలి. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైన్యం ఇలాంటి కట్లు వాడింది. కాకపోతే కోళ్ళ మేతకి పోయే పెంకుకీ, గాయానికి వేసే సరుకుకీ చాలా దూరం ఉంది. ప్రోటీను కొంచెం మిగిలినా, పెంకు కుళ్ళాక తీసినా పనికిరాదు. ఐసు మీద ఉన్న పెంకు ఐసు మీదే ఫ్యాక్టరీకి చేరాలి. ఆ ఏర్పాటు లేకుండా యంత్రాలు మాత్రం కొనొద్దని నా సలహా.

(నర్సింగ్ విద్యార్థిని) సార్, ఐసీయూలో ఇన్సులిన్ డ్రిప్ పెట్టేముందు గొట్టంలోంచి కొంత ద్రవం వదిలేయమంటారు. గాలి పోవడానికే కదా?

గాలికీ కావాలమ్మా, కానీ ఇన్సులిన్ డ్రిప్‌కి అసలు కారణం వేరే. ఇన్సులిన్ చిన్న ప్రోటీను, 51 అమైనో ఆమ్లాలు. పీవీసీ గొట్టం గోడకి అతుక్కుంటుంది. సీసాలో ఎన్ని యూనిట్లు కలిపినా, మొదట్లో రోగికి చేరేది తక్కువ, మిగతాది గొట్టం మింగేస్తుంది. తర్వాత గోడ నిండిపోయాక ఒక్కసారిగా పూర్తి మోతాదు పోవడం మొదలవుతుంది. ఈలోగా షుగర్ తగ్గలేదని ఎవరైనా డోసు పెంచి ఉంటే? ఇరవై మిల్లీలీటర్ల దాకా ముందే వదిలేస్తే గోడ అక్కడే నిండుతుంది. ఎంత వదలాలన్నది మీ వార్డులో రాసిపెట్టిన ప్రకారమే చెయ్యండి. ఇన్సులిన్ సీసాని గట్టిగా కుదపొద్దనేది కూడా ఇలాంటిదే. గాలి బుడగల అంచున కూడా ప్రోటీను మడత విప్పుకుని ముద్దలు కడుతుంది.

(డిగ్రీ విద్యార్థి) సార్, మా ల్యాబ్‌లో పెద్ద పరికరాలు లేవు. ప్రాజెక్టు ఏమైనా చేయగలమా?

చేయొచ్చు నాయనా. కోడిగుడ్డు తెల్లసొన తీసుకుని పది రెట్లు నీళ్ళు కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టు. దాన్లో అల్బుమిన్ జాతి ప్రోటీనూ ఉంది, కన్నీళ్ళలో ఉండే లైసోజైమూ ఉంది. పాలిస్టైరీన్ డబ్బా మూత ఒకటి, పాలిప్రొపిలీన్ మూత ఒకటి, గాజు పలక ఒకటి, ఒకే సైజులో తీసుకో. ముందు సబ్బుతో కడిగి, బాగా నీళ్ళు పోసి, ఆరబెట్టు. ఒక్కోదాని మీద సిరంజితో ఒకే సైజు నీటి చుక్క పెట్టి, పక్కనుంచి ఫొటో తీసి, చుక్క అంచు ఎంత కోణంలో లేచిందో కొలువు. తర్వాత వాటిని తెల్లసొనలో అరగంట ముంచి, మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ చుక్క పెట్టు. ముందు ముత్యంలా నిలబడ్డ చుక్క ప్లాస్టిక్ మీద ఇప్పుడు పరుచుకుంటుంది. కంటికి ఏమీ కనిపించదు గానీ పొర ఉందని చుక్క చెబుతుంది. అరగంట బదులు ఒక నిమిషం ముంచి చూడు, ఉప్పు కలిపి చూడు, ముంచాక సబ్బుతో కడిగి చూడు, ప్రతిదానికీ పట్టిక వెయ్యి. ఫొటో తీసేటప్పుడు ఫోను సరిగ్గా చుక్క ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే కోణం తప్పొస్తుంది, మీ పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.